రాజశ్రీ చదవని రెండో పేజీ

"అయ్యో అవ్వా! గీ కాగితంల ఏం రాసిండ్రో తెల్వకుంటనే వేలిముద్ర ఏసినవా!..."

పిట్లం నుంచి వచ్చిన లక్ష్మవ్వ వాకిట్లోనే కూలబడింది. తల్లి సాయవ్వ బాన్సువాడలోని ఇల్లు అమ్ముతోందని తెలిసి, అది తానే కొంటానని, తమ్ముడి కుటుంబం ఎప్పటిలాగే అందులో ఉండొచ్చని చెప్పాలని ఎంతో ఆశగా వచ్చిందామె. ఏజెంటు మోతీలాల్ తెచ్చిన కాగితం ఆ ఆశను మొదట్లోనే తుంచేసింది!

"మూడు నెలలు నా ద్వారానే అమ్మాలె. మీరడిగిన ధరకు మనిషిని తెస్తే కాదనొద్దు. మీ తరఫున బయానా పైసలు నేనే తీసుకోవచ్చు. అన్నీ రెండో పేజీల ఉన్నయక్కా! నిన్ననే మద్నూర్ సేటు దగ్గర బయానా తీసుకున్న. వాపసు తీసుకొమ్మంటే ఆయన ఒప్పుకుంటలేడు..." అన్నాడు మోతీలాల్.

తలుపు చాటున నిలబడి కోడలు రాజశ్రీ అదంతా వింది. అత్త ఆ వేలిముద్ర వేసింది, భర్త గోపాల్ లారీ మీది నుంచి పడి, నడుము విరిగి దవాఖానలో ఉన్న రోజుల్లో. ఆపరేషన్ ఆలస్యమైతే ఇక నడవలేడన్నారు డాక్టర్లు. ఆ ఖర్చుకు ఇల్లు అమ్మాల్సిన కంగారులో ఆమె మొదటి పేజీ మాత్రమే చదివింది! "ఏం రాసిండ్రు బిడ్డా?" అని అక్షరం ముక్క రాని అత్త అడిగితే, "మొత్తం చదివిన అత్తమ్మా, వేలు పెట్టు" అంది...

పరుగున వచ్చి అత్త కాళ్ల మీద పడింది. "నేను చదవలే అత్తమ్మా! అబద్ధమాడిన! నీ ఇల్లు నేనే పోగొట్టిన!..."

"పదో తరగతి సదివి గిదేనా నువ్వు చేసింది?" లక్ష్మవ్వ గొంతు చించుకుంది.

"ఊకో లక్ష్మీ!" సాయవ్వ కోడలిని లేవనెత్తి గుండెకు హత్తుకుంది. "ఆ దినం దీని కండ్లల్ల నీళ్లున్నయి. అక్షరాలేం కనపడుతయి? నేను కాగితాన్ని నమ్మలే, దీన్ని నమ్మిన. ఇది ఉరుకులాడింది నా కొడుకు పానం కోసమే గదా!..."

ఆ మాటకు లక్ష్మవ్వ కూడా బావురుమంది.

రిజిస్ట్రేషన్ రోజు వచ్చింది. ఆపరేషన్ అయినా గోపాల్ ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఆఫీసులో సిరా డబ్బా ముందుకు జరిపిన గుమాస్తాను రాజశ్రీ ఆపింది. "మా అత్తమ్మకు మొత్తం చదివి వినిపించినంకనే."

ఒక్కో మాటా పైకి చదవసాగింది. తూర్పు హద్దు సోమ్లి ఇల్లు... పడమట బాట... 'నా భర్త కీర్తిశేషులు ముత్తెన్న తన స్వార్జితముతో కట్టించిన ఈ ఇల్లు...'

అంతవరకూ రాయిలా కూర్చున్న సాయవ్వ ఉలిక్కిపడింది.

"మీ మామ పేరు రాసిండ్రా బిడ్డా?... గదింకోసారి సదువు."

రాజశ్రీ మళ్లీ చదివింది. ముసలామె కళ్లు మూసుకుని ఆ పేరు చివరి అక్షరం దాకా విన్నది. చెంపల మీది కన్నీళ్లు తుడుచుకోకుండానే బొటనవేలు చాపింది.

"విన్న బిడ్డా... ఇగ ఏపియ్యి."