రెక్క మీద రెండు గీతలు

మనవరాలు స్కూలు నుంచి వచ్చేసరికి నానమ్మ బీరువా ముందు కూలబడి ఉంది. ఒళ్లో తాతయ్య స్వెటర్. దాని నిండా చిల్లులే.

"చిమ్మెటలు తినేశాయే తల్లీ," అంది నానమ్మ. "ఆయన గుర్తుగా మిగిలింది ఇదొక్కటే."

వాగుడుకాయ కాబట్టి ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్లకి ఒళ్లు మండిపోయింది. బ్యాగు పడేద్దామని పక్కగదిలోకి వెళ్లింది. అక్కడ తమ్ముడు జ్వరంతో పడుకున్నాడు. కిటికీ తెర మీద గోరంత గోధుమరంగు రెక్కల పురుగు కనబడింది.

"దొరికావే దొంగా!" పుస్తకంతో ఫట్‌మని కొట్టింది.

ఆ చప్పుడుకి తమ్ముడు లేచాడు. తెర వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"అక్కా... అది నాది."

గాజుసీసాలో వాడు గొంగళిపురుగును పెంచుతున్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. అది ఆ మధ్యాహ్నమే సీతాకోకచిలుకై గూడు విప్పుకుని బయటికొచ్చింది. రెక్కలు ఆరాలని వాడే తెర మీద పెట్టాడు.

"చిమ్మెట అనుకున్నాన్రా."

"బట్టలు తినే చిమ్మెట వెలుతుర్లో కూర్చోదు, చీకట్లోకి పారిపోతుంది. దీని రెక్క మీద రెండు తెల్లగీతలున్నాయి. చిమ్మెటకి ఉండవు. నువ్వసలు చూశావా?"

చూడలేదు. ఇప్పుడు వంగి చూసింది. నలగకుండా మిగిలిన ఒక్క రెక్క మీద, సూదితో గీసినట్టు రెండు గీతలు.

మర్నాడు వెతికి వెతికి ఆకుతో సహా ఇంకో గొంగళిపురుగును తెచ్చింది. తమ్ముడు గోడవైపు తిరిగాడు.

"ఇది అది కాదుగా," అన్నాడు.

పిచ్చుక దాన్ని మళ్లీ మొక్క మీదే వదిలేసి వచ్చింది. ఆ తర్వాత వాడు అక్కతో మాట్లాడనే లేదు.

ఆదివారం నానమ్మతో కలిసి దుప్పట్లు ఎండలో వేస్తుంటే, మడతలోంచి చిన్న రెక్కల పురుగొకటి పాకింది.

"కొట్టవే!" అంది నానమ్మ.

పిచ్చుక చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. దగ్గరికి వంగి చూసింది. ఏమీ తేలలేదు.

"తమ్ముడూ, ఒక్కసారి రారా. ఇదేదో నాకు తెలియట్లేదు."

కాసేపటికి వాడు లోపల్నుంచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"జరుగు. నీ నీడ పడుతోంది."

పిచ్చుక జరిగి, దుప్పటి అంచును వెలుతురులోకి తిప్పి పట్టుకుంది.

"గీతల్లేవు. చిమ్మెటే," అన్నాడు తమ్ముడు.

అయినా పిచ్చుక కొట్టలేదు.

"ఇంకోసారి చూడరా," అంది.