వదిన మాట్లాడే లాప్‌టాప్

చిన్నోడిది కంప్యూటర్లు బాగుచేసే పని. చక్కగా నడుస్తున్న సిస్టమ్‌ని కెలకడమంటే కొరివితో తల గోక్కోవడమేనని షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాడు. ఇంట్లో మాత్రం ఆయనగారే ఆ పని చేశాడు.

వదినకు రెండేళ్లుగా కళ్లు తప్ప ఒళ్లు కదిలేది కాదు, మాట వచ్చేది కాదు. మంచం పక్కన స్టాండు మీద లైనక్స్ లాప్‌టాప్ ఉండేది. తెర మీది అక్షరాలను ఆమె చూస్తుంటే కెమెరా ఆ చూపును పట్టేది. ఎర్ర చుక్క ఒకటి అక్షరం నుంచి అక్షరానికి నడిచేది. కూడిన మాటను లాప్‌టాప్ పైకి చదివేది. దాహమేసినా, ఊపిరాడకపోయినా ఆమెకు అదే నోరు. ఆ ధైర్యంతోనే అన్నయ్య పక్కగదిలో పడుకునేవాడు.

పోయిన నెల ఒక సాయంత్రం చిన్నోడు దాన్ని అప్‌గ్రేడ్ చేశాడు. మళ్లీ ఆన్ చేసేసరికి తెరను నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయలేదు, తెర నల్లగా ఉండిపోయింది. "ఐదు నిమిషాల పని వదినా" అని మేడ మీద తన గదికి పట్టుకుపోయాడు. ఎంతకీ తేలక, పొద్దున చూద్దాంలే అని నిద్రపోయాడు. రాత్రి ఆలస్యంగా వచ్చి పక్కగదిలో పడుకున్న అన్నయ్యకు చెప్పనే లేదు. తెల్లారి కిందికి దిగేసరికి వదిన ప్రాణం లేదు. అన్నయ్య లేవకముందే లాప్‌టాప్‌ని స్టాండు మీద పెట్టేసి, అది ఇప్పుడే చెడిపోయినట్టుందని అబద్ధమాడాడు.

"నిద్రలోనే పోయింది. లేకపోతే పిలిచేదిగా" అని అన్నయ్య వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నోడు అక్కణ్ణుంచి లేచిపోయేవాడు.

ఈ రోజు అన్నయ్యే అడిగాడు, ఆమె రాసుకున్నవి చూడాలని ఉంది, బాగుచెయ్యమని.

మధ్యాహ్నమే. బయట వాన. కర్టెన్లు వేసిన గదిలో మందుల వాసన ఇంకా పోలేదు. చిన్నోడు మంచం పక్కన కూర్చుని, మెనూలో అప్‌గ్రేడ్‌కు ముందున్న పాత కెర్నెల్ ఎంచుకుని, కొత్త డ్రైవర్ తీసేసి పాతది వేశాడు. లోపలి ఫ్యాన్ గుయ్‌మంది. తెర వెలిగింది... నిజంగానే ఐదు నిమిషాల పని. ఆ రాత్రి ఇంకాస్త కూర్చుని ఉంటే వదిన బతికేది కదా అని ఏడుపొచ్చింది.

అక్షరాల పలక దానంతటదే తెరుచుకుంది. కెమెరా ఖాళీ దిండు వైపు ఉంది. ఎర్ర చుక్క వచ్చింది.

కదిలింది.

చిన్నోడు కెమెరాకు ఎదురుగా లేడు. ఎవరూ లేరు. చుక్క ఆగింది... మళ్లీ నడిచింది... వెతుకుతున్నట్టు. అరచెయ్యి అడ్డం పెట్టి కెమెరా మూశాడు. చుక్క ఆగలేదు. అరచేతికి మాత్రం వెచ్చగా ఊపిరి తగిలింది.

"వదినా... తప్పయిపోయింది."

"ఎవరితోరా?"

గుమ్మంలో అన్నయ్య. చిన్నోడు ఇక దాచలేకపోయాడు.

"అన్నయ్యా, ఆ రాత్రి ఇది ఇక్కడ లేదు. చెడగొట్టింది నేనే. మేడ మీద పెట్టుకుని పడుకున్నాను. తను పిలవలేకపోయింది."

అన్నయ్య మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు.

"పిలిచిందిరా."

"దేంతో?"

"చిన్నా, చిన్నా అని పిలుస్తూనే ఉంది. మెషీను గొంతు కాదు... తన గొంతే. లేవబోయాను. అంతలో మెట్లు దిగిన చప్పుడైంది. 'వచ్చాను వదినా' అన్నావు. తలుపు వేసుకున్నావు. నువ్వున్నావు కదాని పడుకున్నాను. పొద్దున నువ్వేమీ అనకపోయేసరికి అంతా కలేననుకున్నా."

చిన్నోడు ఆ రాత్రి మేడ దిగలేదు.