ఆఖరికి ముందుది

మాద్రిద్‌లో తాగేవాళ్ళకి దేవుడి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఒక మాట మీద మాత్రం భయం ఉంది. ఎంత పొద్దుపోయినా, కాళ్ళు ఎంత తూలుతున్నా, "ఇదే ఆఖరిది" అని ఎవరూ అనరు. "ఆఖరికి ముందుది పొయ్యి" అంటారు. ఆఖరిది అంటే నిజంగా ఆఖరిదైపోతుందట. కట్టుకున్నదాన్ని మోసం చేసేవాడు, జన్మలో చర్చి గుమ్మం తొక్కనివాడు కూడా ఈ ఒక్క నియమం తప్పడు.

గుడ్డిగుర్రం బారులో ఆ శనివారం ఇసకేస్తే రాలనంత జనం. మూలబల్ల దగ్గర దెల్ఫీనా, చిమో, బెర్నబే కూర్చున్నారు. దెల్ఫీనా నాటకాల వాళ్ళకి విగ్గులు కడుతుంది. బెర్నబే ఆమె మాజీ మొగుడు, పళ్ళ డాక్టరు. తనకి మగవాళ్ళంటేనే ఇష్టమని నలభయ్యో ఏట తెలుసుకుని విడిపోయాడు. విడాకులప్పుడు కుర్చీలూ కంచాలూ పంచుకున్నారు గానీ అభిరుచిని పంచుకోవడం కుదరలేదు. అది ఇద్దరి దగ్గరా మిగిలిపోయింది. అందుకే నిరుడు శీతాకాలమంతా బెర్నబే పక్కలో ఉన్న చిమో, ఈ ఏడు దెల్ఫీనా పక్కలో ఉన్నాడు.

చిమోకి ముప్ఫై నిండలేదు. క్లబ్బుల్లో డాన్సు చేస్తాడు. అందగాడు, ఆ సంగతి వాడికీ తెలుసు.

"నిజం చెప్పు. నా తర్వాత ఇంకెవరైనా ఉంటారా?" అంది దెల్ఫీనా.

"నువ్వు నా ఆఖరికి ముందుదానివి బంగారం."

పక్క బల్లలవాళ్ళు కూడా పగలబడి నవ్వారు. బెర్నబేకి నోట్లో ఆలివ్ కాయ అడ్డం పడింది.

"నాతోనూ ఇదే అన్నాడు దెల్ఫీ," అన్నాడు దగ్గుతూ. "కనీసం మనిషికో మాటైనా కొత్తది పుట్టించరా, సోమరి వెధవా."

దెల్ఫీనా కూడా నవ్వింది. అందరికంటే ముందే ఆపేసింది. ఒకరికి మొదటిదాన్నవ్వాలనే ముచ్చట ఆమెకి ఎప్పుడో తీరింది, దానివల్ల ఒరిగిందీ ఏమీ లేదు. ఇప్పుడు ఆమెకి కావలసింది ఒక్కటే. ఈ కుర్రాడికి తను ఆఖరిది కావాలి. తన తర్వాత ఆ పక్కలోకి ఇంకెవరూ రాకూడదు.

చిమో సంచి బల్ల కింద ఉంది. ఇంటివాడు ఆ పొద్దున్నే వాణ్ణి గెంటేశాడు.

"నా ఇంట్లో ఉండాలంటే ఆ మాట అను," అంది దెల్ఫీనా. "ఇక్కడే. అందరూ వినాలి."

"ఏ మాట?"

"తెలుసు నీకు."

చిమో భుజాలెగరేసి కుర్చీ ఎక్కాడు. గ్లాసు పైకెత్తి, "అందరూ వినండి. ఆఖరిది దెల్ఫీనా. ఇదే నా ఆఖరిది," అన్నాడు.

పక్క బల్లలవాళ్ళు గ్లాసులు కింద పెట్టేశారు. యజమానురాలు ఔరెలియా వచ్చి వాడి చేతిలో గ్లాసు లాక్కుంది.

"నరం లేని నాలుక కదాని ఎంత మాటైనా అనెయ్యడమేనా? దేన్నిరా అన్నావు, గ్లాసునా, మనిషినా?"

"రెండింటినీ అనుకో పెద్దమ్మా," అన్నాడు చిమో.

ఆమె నవ్వలేదు. గ్లాసులోది తొట్లో పారబోసి, ముగ్గుర్నీ బయటికి పంపేసింది. సందు చివర బెర్నబే తన దారిన వెళ్ళిపోయాడు.

దెల్ఫీనా ఇల్లు పై అంతస్తులో. పాత భవనం, లిఫ్టు లేదు. మెట్ల దీపం నొక్కితే కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోయే రకం. చిమో సంచి భుజాన వేసుకుని ముందు నడుస్తున్నాడు. వెనక దెల్ఫీనా, వాడి నడుం చూసుకుంటూ, గెలిచినదాన్నని మురిసిపోతూ ఎక్కుతోంది.

దీపం ఆరిపోయింది.

కింద ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు. బజారుకి తీసుకెళ్ళే చక్రాల సంచిని ఒక్కో మెట్టూ ఈడుస్తున్నట్టు... టక్... టక్... దాంతోపాటు సోంపు సారా వాసన, ఆరని బట్టల వాసన. ఈ భవనంలో ముసలమ్మలకి కొదవ లేదు. దెల్ఫీనా భయపడలేదు.

చప్పుడు ఆమె వెనకే ఆగింది.

"ఇక్కడ ఆఖరిది ఎవరమ్మా?"

చేపల కొట్టు దగ్గరా, డాక్టరు గుమ్మంలోనూ ఈ ఊళ్ళో ఎవరూ వరసలో నిలబడరు. వచ్చినవాళ్ళు ఆఖర్న ఎవరని అడుగుతారు, ఆ మనిషి పలుకుతుంది. వంతు తేలిపోతుంది. తల్లి చెయ్యి పట్టుకుని నడిచిన నాటినుంచీ అలవాటు. బుర్ర కంటే ముందు నోరు పలికింది.

"నేనే."

"అయితే నీ తర్వాత నేను."

మెడ మీద ఊపిరి తగిలింది. చల్లగా ఉంది.

"నీ ముందెవరు?"

అదీ మర్యాదే. అందరూ అడిగేదే. కానీ దెల్ఫీనాకి అప్పుడు అర్థమైంది... ఇది దేనికి వరసో. గోడ మీద చెయ్యి స్విచ్ కోసం తడుముతోంది. దొరకలేదు. ముందెవరూ లేరంటే వంతు ఎవరిదో ఆమెకి తెలుసు.

తను వాణ్ణి ప్రేమించింది. అది అబద్ధం కాదు.

"అతను," అంది గుసగుసగా. "ఆ పై మెట్టు మీద... అతను."

"దెల్ఫీ, ఎవరితో మాట్లాడుతున్నావ్?" పైనుంచి చిమో గొంతు.

"ఎవరితోనూ లేదు."

పక్కనుంచి ఏదో రాసుకుంటూ పైకి పోయింది. టక్... టక్... తర్వాత వాడి సంచి దొర్లుకుంటూ కిందికొచ్చింది. ఆపైన ఏ చప్పుడూ లేదు.

స్విచ్ దొరికేసరికి చిమో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తల గోడకి ఆనించి, ఏదో అడగబోతున్నట్టు నోరు తెరుచుకుని. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. గుండె ఆగిందని డాక్టర్లు తేల్చారు.

మర్నాడు సాయంత్రం ఆఖరి చూపులకి శవాన్ని అంత్యక్రియల హాల్లో గాజు అద్దం వెనక పెట్టెలో ఉంచారు. వాడితో పడుకున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ అంతా వచ్చారు, హాలు చాల్లేదు. ఒక్కొక్కరూ వచ్చి, ఆ ఊరి మర్యాద ప్రకారం దెల్ఫీనాకి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి పోతున్నారు. బెర్నబే కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నువ్వే గెలిచావు దెల్ఫీ," అన్నాడు. "వాడికి నీ తర్వాత ఇంకెవరూ లేరు."

సిగ్గు లేని సంతోషం ఒక్క క్షణం ఆమె గుండెలో పొంగింది. అబద్ధమెందుకు, పొంగింది.

బెర్నబే ఆమెకి రెండు ముద్దులు పెట్టాడు. ఒకడుగు పక్కకి వేశాడు. దెల్ఫీనా భుజం వెనక, ఎవరూ లేనిచోట, పొట్టి మనిషి కోసం వంగినట్టు వంగి, గాలికి ఇటో ముద్దు, అటో ముద్దు పెట్టాడు. అతని వెనకొచ్చినవాడూ అలాగే వంగాడు. ఆ తర్వాత వచ్చినామె కూడా.

మెడ మీద మళ్ళీ ఆ చల్లటి ఊపిరి తగిలింది. దెల్ఫీనా తల తిప్పలేదు.

బెర్నబే రుమాలుతో పెదాలు తుడుచుకున్నాడు. రుమాలుకి తెల్లటి ముఖం పౌడరు అంటింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, "కాఫీ తెస్తానుండు," అన్నాడు. "మీ ఇద్దరికీ పాలు పోయించనా?"