మూడుసార్లు లాగితే

కిరణ్ బాబు ఇంట్లో నెట్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. ముందు హాల్లో పరుగులు పెట్టేది. వెనక గదిలో దాని జాడే ఉండేది కాదు.

అది 2009 నవంబరు. నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద, ఎప్పుడో మిషన్ వాళ్ల కాలంలో కట్టిన ఇల్లు. రాయీ సున్నమూ కలిపి లేపిన గోడలు, రెండడుగుల మందం. కనెక్షన్‌తో పాటు కంపెనీ వాళ్లిచ్చిన మోడెం, ఫోన్ తీగ ఇంట్లోకి వచ్చే చోటే ఉండాలి. ఆ తీగ హాల్లోకి వస్తుంది. దాన్ని పొడిగించి చూస్తే లైను నిమిషానికోసారి పడిపోయింది. మోడెంని బీరువా మీద పెట్టాడు, కిటికీలో పెట్టాడు, వెనకాల స్టీలు పళ్లెం కూడా నిలబెట్టి చూశాడు. వైఫై గోడ దాకా వెళ్లి అక్కడే చతికిలబడేది. అబీద్ సెంటర్లో కంప్యూటర్ల షాపు పెట్టుకుని ఊరందరికీ నెట్ బాగుచేసేవాడు సొంత పెళ్లానికి పెట్టలేకపోయాడని షైని రోజూ ఆటపట్టించేది.

షైనికి ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి నిలబడింది గానీ మాయ కిందికి ఉందని, ఎక్కువ తిరిగితే రక్తం పోతుందని డాక్టరమ్మ మంచం దిగొద్దంది. షైని ఉద్యోగం, ఎక్కడెక్కడి డాక్టర్లో రికార్డు చేసిన మాటలు చెవుల్లో పెట్టుకుని విని, టైపు చేసి నెట్‌లో పంపడం. హాల్లో ఆ పని సాగదు. గుమ్మం ముందే బస్సులు, చెరుకు లారీలు. వెనక గది చల్లగా, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంటుంది. అందుకని మంచం అక్కడ వేశారు. సెల్ సిగ్నల్ కూడా అందని గది అది.

హాలుకీ ఆ గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. అయినా తలుపు లేదు. వీధి గుమ్మం దిగి, పక్క సందులోంచి, పెరడు దాటి వెళ్లాలి. అలా ఎందుకు కట్టారో కిరణ్ ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో పుట్టి పెరిగినవాడికి అడగాలన్న ఊహే రాలేదు.

చివరికి విడిగా ఒక రౌటర్ కొన్నాడు. దాన్ని వెనక గదిలో పెట్టి, మోడెం నుంచి దానికి కేబుల్ ఇస్తే సరి. శనివారం మధ్యాహ్నం గోడకి డ్రిల్లు పెట్టాడు. రాయి తగిలి బిట్ విరిగింది. తల పట్టుకుని కూర్చుంటే, మోడెం బల్ల కింద, మోకాలెత్తులో గుండ్రటి మచ్చ కనిపించింది. అక్కడ సున్నం రంగు వేరు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మెత్తగా రాలింది. గోడలో ఈ చివరి నుంచి ఆ చివరికి పాత కన్నం. ఎవరో ఎప్పుడో కావాలని చేసి, కావాలని పూడ్చింది.

లోపల్నించి గాలి వచ్చింది. ఎండిన వేపాకు వాసన, పసుపు వాసన. వాటి కింద పులిసిపోయిన గంజి వాసన.

మామ్మ ఎస్తేరమ్మ ఆ వేళ స్త్రీల కూటానికి చర్చికెళ్లింది. ఇంట్లో ఉంటే ఆ కన్నం మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

"మంచం దిగకు. కేబుల్ చివర నీ పక్కకే వస్తది, అందుకో చాలు" అని షైనికి చెప్పి వచ్చి, కేబుల్ లోపలికి తోశాడు. రెండడుగులు వెళ్లాక అవతలి నుంచి లాగింది. తోయాల్సిన పని లేకుండా కేబుల్ దానంతటదే చేతిలోంచి జారిపోయింది. ఆగింది. తర్వాత చిన్నగా మూడుసార్లు లాగినట్టు తెలిసింది. షైనికి అల్లరెక్కువని నవ్వుకుని, తనూ మూడుసార్లు లాగాడు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మూడుసార్లు... ఈసారి గట్టిగా.

మిగతా సామాను పట్టుకుని పెరట్లోకి వెళ్తే, షైని బాత్రూములోంచి గోడ పట్టుకుని మెల్లగా వస్తోంది.

"ఇంకా తొయ్యలేదా బావా? నాను బాత్రూముకెళ్లి పావుగంటైంది."

గదిలో కేబుల్ కన్నంలోంచి ఆరడుగులు బయటికొచ్చి ఉంది. నేల మీద తిన్నగా మంచం కోడు దాకా పడుకుని ఉంది. కిరణ్ గుమ్మంలోనే ఆగి, కన్నం వైపే చూస్తున్నాడు.

"ఏటలా ఉన్నావు?" అంది షైని.

"ఏం లేదు. కేబుల్ లాగి చూశానంతే. నువ్విటు లాగితే నాకటు తెలుస్తది. ఏదన్నా కావాలంటే లాగు, వచ్చేస్తాను" అన్నాడు, నోటికొచ్చిన అబద్ధం.

"కాలింగ్ బెల్లన్నమాట" అని నవ్వింది షైని.

రౌటర్ పెట్టాడు. మోడెంకున్న పేరే, పాస్‌వర్డే దానికీ ఇచ్చాడు. లాప్‌టాప్‌లో సిగ్నల్ గీతలన్నీ వెలిగాయి. షైని మంచం మీద కూర్చునే ఫైళ్లు పంపుకుంది. ఆ రోజు తర్వాత ఆమె ముఖంలో విసుగన్నది లేదు.

సాయంత్రం ఎస్తేరమ్మ వచ్చి, బల్ల కింద రాలిన సున్నం చూసి, బైబిలు చంకలో ఉండగానే నేల మీద కూలబడింది.

"ఎవుల్ని అడిగి తీసావురా?"

అరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఆ రోజు చెప్పింది. గొంతు పైకి లేవలేదు. ఎస్తేరమ్మ కొత్తకోడలు, ఒళ్లో ఇరవై రోజుల బిడ్డ. ఆ బిడ్డే కిరణ్ తండ్రి. అప్పుడు ఆడపడుచు సువార్తమ్మకి మశూచి పోసింది. పసిబిడ్డకి సోకుతుందని ఆమెని ఆ గదిలో పెట్టి, బయట గొళ్లెం వేసి, హాల్లోకి ఉన్న తలుపు కాస్తా రాయితో మూసేశారు. కన్నంలోంచి తాడేసి, హాలు వైపు చివర గంట కట్టారు. ఒకసారి లాగితే నీళ్లు. రెండుసార్లు లాగితే గంజి. మూడుసార్లు లాగితే మనిషి రావాలని.

"మూడేసిసార్లే లాగేది నాయినా. పగలూ రేతిరీ. ఎవులెల్తారు? బిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుస్తన్నాడని... నాను గంట ఇప్పేసాను."

"తర్వాత?"

"తాడు మాత్రం కదుల్తానే ఉండీది."

"ఎన్నాళ్లు?"

ఎస్తేరమ్మ రాలిన సున్నాన్ని చేత్తో పోగుచేసింది. షైనికి మాత్రం చెప్పొద్దని ఒట్టేయించుకుంది. కడుపుతో ఉన్న పిల్ల చెవిన అలాంటివి పడకూడదు. కిరణ్‌కీ అదే మంచిదనిపించింది. ఆదివారం పూడుస్తానన్నాడు. ఆదివారం షైని పని చూసి, వచ్చే వారం అనుకున్నాడు. అయిదు రోజులు ఏమీ జరగలేదు.

గురువారం అల్పపీడనం పట్టింది. మధ్యాహ్నం నుంచి వాన, రెండింటికే కరెంటు పోయింది. ఆరున్నరకి కిరణ్ షాపు మూసి వచ్చి వెనక గదిలోకి తొంగిచూశాడు. షైని పక్కకి తిరిగి నిద్రపోతోంది. పక్కన టార్చిలైటు పెట్టి, జల్లు కొట్టకుండా తలుపు దగ్గరగా వేసి, మామ్మకి బీపీ మాత్ర ఇద్దామని హాల్లోకి వచ్చాడు.

కొవ్వొత్తి వెలుగులో ఇద్దరూ కూర్చున్నారు. వరండా రేకుల మీద వాన హోరు, మనిషి మాట మనిషికి వినపడటం లేదు. మోడెం మీద ఒక్క లైటూ లేదు. తడి సున్నం వాసన వస్తోంది. కాసేపటికి దాంట్లో వేపాకు వాసన కలిసింది.

బల్ల మీద మోడెం కదిలింది.

ఒక అంగుళం గోడ వైపు జరిగింది. ఆగింది. మళ్లీ ఒక అంగుళం... మళ్లీ...

మూడు.

ఎస్తేరమ్మ వచ్చి కిరణ్ మణికట్టు పట్టుకుంది. 

"షైనేమో మామ్మా" అన్నాడు గుసగుసగా.

"నిద్దరోతందన్నావు కదరా."

మళ్లీ మూడు. మోడెం బల్ల అంచుకొచ్చింది.

"ఎల్లకు. బదులు లాగకు. ఉన్నామని తెలిసిపోద్ది."

తను బదులు లాగి అయిదు రోజులైందని కిరణ్ చెప్పలేదు. వెళ్లి చూడొచ్చు. సందులోంచి నలభై అడుగులు. పెళ్లాం మీద ప్రేమ లేనివాడు కాదు. కానీ లేవలేదు. ఆ చీకటి సందు, ఆ గోడ, గోడలో కేబుల్ పట్టుకున్న చెయ్యి... అవే కళ్ల ముందు ఆడాయి.

మూడు... మూడు... మూడు...

మోడెం కింద పడింది. కిరణ్ కటింగ్ ప్లేయర్ తీసి, గోడ దగ్గర కేబుల్‌ని కత్తిరించేశాడు.

తెగిన చివర ఒక క్షణం గాల్లో నిలిచింది. తర్వాత నిదానంగా కన్నంలోకి వెళ్లిపోయింది.

ఇంకేమీ లేదు. వానొక్కటే. ఎస్తేరమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. కిరణ్‌కి ప్రాణం కుదుటపడింది. పీడ విరగడైందనుకుని, మోడెం తీసి బల్ల మీద పెట్టి, మంచినీళ్లు తాగాడు. అలా అరగంట కూర్చున్నాడు. అప్పుడు, ఎందుకో, తను ఆడిన అబద్ధం గుర్తొచ్చింది.

ఏదన్నా కావాలంటే లాగు, వచ్చేస్తాను.

గ్లాసు వదిలేసి పరుగెత్తాడు.

షైని మంచం పక్కన నేల మీద ఉంది. చుట్టూ రక్తం. కేబుల్ కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. "వచ్చావా" అంది, కోపం లేకుండా.

పక్కింటి చినబాబు ఆటో తీశాడు. ఆస్పత్రిలో తల్లిని బతికించారు. బిడ్డ కడుపులోనే చనిపోయింది. ఆడపిల్ల. మర్నాడు పొద్దున్న కిరణ్ ఆ చిన్న మూటని తనే మోసుకెళ్లి మిషన్ సమాధుల్లో పెట్టి వచ్చాడు.

తిరిగొచ్చేసరికి షైని మెలకువగా ఉంది. చేసింది చెప్పేద్దామని ఆమె పక్కన కూర్చున్నాడు. ఏడుపు ఆగలేదు. ఆమే అతని చెయ్యి పట్టుకుంది.

"నీ తప్పేటుంది బావా. నాను లాగినప్పుడల్లా నువ్వూ లాగుతానే ఉన్నావు కదా. వస్తన్నావనే ధైర్యంగా ఉన్నాను."

కిరణ్ ఏడుపు ఆగిపోయింది.

"ఎప్పటి దాకా?"

"నువ్వు తలుపు తీసేదాకా. మూడేసిసార్లు." పైకప్పు వైపు చూస్తూ అంది, "చివర్లో ఒక్కసారి మాత్రం చాలా గట్టిగా లాగావు. నా ఒళ్లంతా అటు ఈడ్చుకుపోయినట్టైంది. అప్పుడే నొప్పి ఆగిపోయింది."

కిరణ్ ఆమె చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకున్నాడు. బట్టలు తెస్తానని లేచి ఇంటికొచ్చాడు.

వాన వెలిసింది. హాల్లో పట్టపగటి వెలుతురు. బల్ల పక్కకి జరిపి ఉంది. ఎస్తేరమ్మ కన్నం ముందు పీట వేసుకుని, గోడకి తల ఆనించి కూర్చుంది. నిన్న లోపలికి పోయిన కేబుల్ చివర మూరెడు బయటికొచ్చి ఉంది. దాన్ని ఆమె పట్టుకుని ఉంది.

"మామ్మా, వదిలెయ్."

"ఒకసారి వదిలేసాను కదరా" అంది ఎస్తేరమ్మ. ఆమె గొంతులో నిన్నటి భయం లేదు.

"మళ్లీ మూడేనా?"

"అది కాదు. అది నిన్నే ఆగిపోనాది. ఇది ఏరే."

కేబుల్ చివర అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.  చాలాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత అవతలి నుంచి లాగింది. ఒక్కసారే, ఏ మాత్రం బలం లేకుండా. కాస్త ఆగి ఇంకోసారి. ఒక లెక్కా లేదు, పద్ధతీ లేదు.

ఎస్తేరమ్మ పీట పక్కన, కన్నానికి ఆనించి చిన్న గిన్నె ఉంది. అందులో పాలు సగానికి తగ్గి ఉన్నాయి.