అన్నయ్య చెయ్యి

ఆ సాయంత్రం మా దీవి జనమంతా వలల గోదాములో చేరారు. తడి తాళ్ల వాసన, తారు వాసన, మధ్యలో టీ కప్పుల చప్పుడు. కొండ మీద గాలిమరలు పెట్టనివ్వాలా వద్దా అన్నది ఆ పూటే తేల్చాలి.

నాది ఐస్ ఫ్యాక్టరీ. డీజిల్ జనరేటర్ మొరాయించినప్పుడల్లా ఐస్ కరిగి, చేపలు కుళ్లి, ఊరందరి తిట్లూ నా నెత్తిన పడతాయి. అందుకే నేను గాలిమరల పక్షం.

గొర్రెలాయన లేచాడు. "కొండ తవ్వి రోడ్డేస్తే గడ్డెక్కడ మొలుస్తుంది? ఆ రెక్కల హోరులో నిద్రెలా పడుతుంది?"

"మీ గొర్రెలకి ఐస్ అక్కర్లేదు లెండి, మా చేపలకి కావాలి" అన్నాను. అందరూ నవ్వారు. జనం నవ్వితే నాకు కొమ్ములొస్తాయి.

మా వదిన అక్కడ లేదు. చేపల వేటకెళ్లిన మా అన్నయ్య తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. వల తాడు లాగే చక్రంలో పడి ఎడమ చిటికెన వేలి కొస తెగిపోయినా, కట్టు కట్టుకుని మర్నాడే పడవెక్కిన మొండిమనిషి. ఆయన దారి తప్పకూడదని వదిన రోజూ చీకటి పడే వేళకి కొండ కొమ్మున లాంతరు వెలిగించి కూర్చుంటుంది. మొదటి గాలిమర సరిగ్గా అక్కడే రావాలి.

సముద్రంలో తప్పిపోయినవాణ్ణి మేం చనిపోయినట్టు లెక్కేయం. ఊరు ఏదైనా తేల్చేటప్పుడు అతని బదులు తోడబుట్టినవాడు ఎడమ చెయ్యి ఎత్తొచ్చు. ముందు అతని భార్యని అడగాలి, అంతే.

చేతులు లేచాయి. అటూ ఇటూ సరిసమానం. ఊరి పెద్దాయన నా వైపు తిరిగాడు.

"మీ అన్నయ్య మాటేంటి? మీ వదిననడిగావా?"

"అడిగాను."

అడగలేదు. ఎడమ చెయ్యి ఎత్తేశాను.

చప్పట్లు మోగాయి. చెయ్యి దించబోయాను. దిగలేదు.

భుజం దాకా చల్లబడిపోయింది. చొక్కా చేతిలోంచి నీళ్లు కారుతున్నాయి. ఒక చుక్క పెదవి మీద పడింది. ఉప్పగా ఉంది…

"దించవయ్యా, గెలిచాంగా!" అన్నాడు టీ కొట్టాయన. మళ్లీ నవ్వులు. అబద్ధం చెప్పానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతమంది ముందు తల దించుకోలేక మింగేశాను. సిగ్గులేని వెధవని. ఎత్తిన చేత్తోనే బయటపడ్డాను.

వదిన కాళ్ల మీద పడదామని కొండెక్కాను. పొగమంచు. పక్కన సముద్రం ఉన్నా అలల చప్పుడు లేదు. నా చొక్కాలోంచి రాళ్ల మీద పడే నీటి చుక్కలే వినిపిస్తున్నాయి. నాచు వాసన. అది నాలోంచే వస్తోంది.

లాంతరు పక్కన వదిన కూర్చునుంది.

"మీటింగ్ అయిపోయిందా బాబూ?" అంది మెల్లగా. "నన్నడక్కుండా ఆయన చెయ్యి ఎత్తవుగా. ఆ ధైర్యంతోనే ఇక్కడ ఉండిపోయాను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె లాంతరు పైకెత్తింది. నా చెయ్యి చూసింది. నేనూ చూశాను.

చిటికెన వేలికి కొస లేదు.

వదిన నా మొహం వైపే చూడలేదు. ఆ చేతినే అడిగింది.

"ఏమండీ… మీరు ఒప్పుకున్నారా?"

వద్దు… కదలొద్దు… అని లోలోపల వేడుకున్నాను.

అరచెయ్యి నెమ్మదిగా అటు… ఇటు… ఊగింది. లేదు అని.

వదిన లాంతరు ఆర్పేసింది. "వచ్చేశారుగా. ఇంటికి పదండి" అంది. నాతో కాదు. చీకట్లో ఆ వేళ్లు ఆమె చేతిని పట్టుకున్నాయి. వాళ్లిద్దరి వెనకా నేను కొండ దిగాను.

ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి. ఐస్ ఆగకుండా వస్తోంది, ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. నేనింకా నిజం చెప్పలేదు. వదినా చెప్పలేదు. ఆమె కొండెక్కడం మానేసింది. ఎదురుపడితే నా ఎడమ చేతినొక్కదాన్నే పలకరిస్తుంది.

పొద్దున్నే ఐస్ దిమ్మలు తీయడానికి రబ్బరు తొడుగులు వేసుకుంటాను. చెయ్యి మళ్లీ మామూలుగానే ఉంది. వేళ్లన్నీ ఉన్నాయి, చిటికెన వేలితో సహా. కానీ తొడుగులో ఆ వేలి కొస మాత్రం ఎప్పుడూ ఖాళీగా వేలాడుతుంటుంది.