తొమ్మిది తర్వాత వచ్చే ప్రోగ్రాం

కోతమిల్లు వెనక పసుపురంగు ఇల్లు ఒకటుండేది. దానికున్నంత చెడ్డపేరు ఊళ్లో ఇంకే కొంపకీ లేదు. ఎవరో టైలరు పందెం కాసి, చీకటి పడ్డాక ఆ గుమ్మం ముట్టుకుని వచ్చాడట — మూడు రోజులు నోట మాట లేదు. ఆ మూడు రోజులూ ప్రాణానికి హాయిగా ఉందని వాళ్లావిడ చెప్పుకునేది, అది వేరే సంగతి.

ఈ కథ నాకు చెప్పింది మా మేనమామ. రేడియో స్టేషన్లో మెషిన్లు చూసుకునేవాడు. అబద్ధం అల్లేంత ఓపిక ఆయనకి లేదు, కాబట్టి నమ్మాను.

స్టేషనంటే పెద్దగా ఊహించుకోకండి. ఐస్ ఫ్యాక్టరీ మీద రెండు గదులు. బయటి చప్పుడు రాకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించారు. అయినా కింద ఐసుదిమ్మ పడితే పైన మైకు అదిరేది. సాయంత్రం అయిదింటికి మొదలు, తొమ్మిదింటికి సెలవు.

పెట్టిన కొత్తలో ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి. పాట కోరిన ఇంటిల్లిపాది పేర్లూ చదివేసరికి పాటకి టైము మిగిలేది కాదు. ఆ తర్వాత ఊరు టీవీలకి మళ్లింది, ఆపైన ఫోన్లకి. రాసేవాళ్లలో సగంమంది పోయారు, సగంమంది మానేశారు. చివరికి పోస్ట్‌మాన్ ఆ మెట్లెక్కడమే మరిచిపోయాడు.

అప్పుడు హెడ్డాఫీసు నుంచి తాఖీదు వచ్చింది — శ్రోతల ఉత్తరాలు లేకపోతే స్టేషన్ మూసేస్తాం.

అనౌన్సరుకి నిద్ర కరువైంది. ఇరవై రెండేళ్లుగా మైకు ముందు మాట్లాడటం తప్ప ఆయనకి ఇంకో పని రాదు. ఆ కుర్చీ పోతే తనేమవుతాడో ఆయనకే తెలీదు. ఆలోచించి ఆలోచించి, ఎడమచేత్తో తనే ఉత్తరాలు రాయడం మొదలెట్టాడు. మోకాళ్ల నొప్పులతో ఒంటరిగా ఉండే పెద్దావిడ, పాత పాటలంటే ప్రాణం — అలా ఒక శ్రోతని పుట్టించాడు. చిరునామా... కోతమిల్లు వెనక పసుపు ఇల్లు.

“ఆ కొంపే దొరికిందా అండీ?” అన్నాడు మామయ్య.

“వెర్రివాడా, దెయ్యాల కొంపకి ఎవడెళ్లి వాకబు చేస్తాడు?”

వాకబు చేసేవాడు రానే వచ్చాడు. హెడ్డాఫీసు అధికారి ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా దిగి, ఫైలు తిరగేశాడు. “మీకున్నది ఈవిడొక్కరే. పదండి, చూసొద్దాం” అన్నాడు.

అనౌన్సరు ముఖాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. డ్యూటీ అయ్యాక వెళ్దామని తొమ్మిది దాకా సాగదీశాడు. అధికారి కింద కారులో కునుకు తీశాడు. తొమ్మిదింటికి మామయ్య మెషిన్లన్నీ కట్టేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు.

మిల్లు దాటాక వీధిదీపాలు లేవు. అధికారి టార్చి పట్టుకుని ముందు నడిచాడు. ఆయనకి ఆ ఇంటి సంగతి తెలీదు, తెలియనివాడికి ధైర్యం ఎక్కువ.

కిటికీలో — వెలుతురు.

అనౌన్సరు మామయ్య మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తలుపు దానంతటదే తెరుచుకుందని చెప్తే బాగుంటుంది గానీ, ఒక ముసలావిడ తీసింది. మిల్లు వాచ్‌మన్‌కి పిన్నట. అద్దె లేదంటే రెండు నెలల కిందట వచ్చి దిగిందట. ఇంట్లో బల్లులు తప్ప ఏమీ లేవంది.

మామయ్య హమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు వినబడింది... లోపల రేడియో.

“ష్... మెల్లిగా. ప్రోగ్రాం వస్తోంది.”

రేడియో ముల్లు వాళ్ల స్టేషన్ దగ్గరే ఉంది. మామయ్య ఎప్పుడూ విననిది, తొందర లేని మగగొంతు... ఉత్తరాలు చదువుతోంది. “వంతెన వీధి నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్లు కోరుతున్నారు...”

వంతెన వీధి వరదలో కొట్టుకుపోయి ఇరవై ఏళ్లు. ఆ ముగ్గురితో సహా.

మామయ్య జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఉంది.

అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఉత్తరాలు రాసేది మీరేనా అమ్మా?”

“ష్” అందావిడ. దాన్నే అవునన్నట్టు అధికారి రాసుకున్నాడు.

“సాయంత్రం ప్రోగ్రాం ఎలా ఉంటుంది?”

“అదా... అదొస్తుంటే గిన్నెలు తోముకుంటా బాబూ. ప్రోగ్రామంటే ఇదీ.”

పాపం, అనౌన్సరు పక్కనే నిలబడి విన్నాడు.

“ఈ చదివేదెవరయ్యా?” గుసగుసగా అడిగాడు అధికారి.

“మా... రాత్రి అనౌన్సరు సార్” అన్నాడు అనౌన్సరు. స్టేషన్ నిలబడాలంటే ఇంకేం చెప్తాడు?

గంటలో పదకొండు ఉత్తరాలు. అధికారి మహా సంతోషంగా వెళ్లిపోయాడు.

పదిహేను రోజులకి ఆర్డరొచ్చింది. తొమ్మిది తర్వాతి ప్రసారం కొనసాగించాలి. ఆదరణ లేని సాయంత్రం ప్రసారమూ, దాని అనౌన్సరు పోస్టూ రద్దు. మామయ్య ఉద్యోగం మాత్రం మిగిలింది — తాళం వేసి ఉందో లేదో రోజూ చూసి రావడం.

అనౌన్సరు ఏడ్చాడు. చాటుగా కాదు, మామయ్య ఎదురుగానే. “చచ్చినవాడికైనా వినేవాళ్లున్నారు. బతికుండి నేనేం చేసుకున్నాను?” అన్నాడట.

ఆ సాయంత్రమే అనౌన్సరు కుడిచేత్తో ఒక ఉత్తరం రాశాడు. ఇరవై రెండేళ్ల అనుభవం ఉందనీ, రాత్రి ప్రోగ్రాంలో ఏదైనా చిన్న అవకాశం ఇప్పించమనీ. తీసుకెళ్లి స్టూడియో బల్లమీద పెట్టి, ఇంటికి పోయి రేడియో ముందు కూర్చున్నాడు.

రెండు రాత్రులు దాని ఊసే లేదు. మూడో రాత్రి, మంగళవారం, తోడుగా మామయ్య కూడా వెళ్లాడు. ఎనిమిది ఉత్తరాలయ్యాక ఆ గొంతు ఆగింది... కాగితం విప్పిన చప్పుడు.

“ఐస్ ఫ్యాక్టరీ మీది నుంచి అనౌన్సరు గారు రాస్తున్నారు. మీ దరఖాస్తు అందింది. ఖాళీ ఉంది... గురువారం నుంచి చేరవచ్చు.”

అక్కడ ఆపి, మామయ్య చల్లారిన టీ తాగడం మొదలెట్టాడు. నాకు ఆగలేదు.

“చేరాడా మామయ్యా?”

“చేరకేం. గురువారం తెల్లారేసరికి పోయాడు” అన్నాడు మామయ్య. “ఇప్పుడు వారంలో మూడు రాత్రులు ఆయనదే డ్యూటీ.”