అభయహస్తం లేని దేవుడు

అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటులో, లేతు మిషన్ల వీధి దాటినాక, మురుగుకాలువ పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉంది. రెండో షిఫ్టు ముగించుకుని బస్టాండుకు పోయేవాళ్ళకు ఆ దారిన పోతే నడక సగం తగ్గుతుంది. అయినా ఎవరూ పోరు. పెద్ద రోడ్డు మీదుగా చుట్టు తిరిగే పోతారు. ఎందుకని అడిగితే, "ఆడ మన పేరు పెట్టి పిలుస్తుంది" అంటారు... అంతకు మించి చెప్పరు.

దానికి పేర్లు ఎట్లా తెలుస్తాయో తొండియార్‌పేటలో ఒక్క ఇంటికి మాత్రం తెలుసు.

తొంభై ఐదులో, కార్తీకమాసం వానల్లో జరిగింది ఇది.

ఆ ఇంటి యజమాని యతిరాజులు గోపురాల మీది బొమ్మలకు రంగులు వేసేవాడు. తాతల నాటి పని. ఆ ఏడు ఊరి బయట పిల్లల కోసం ఆటల పార్కు కడతామని ఒక కంపెనీవాళ్ళు వచ్చి, గుళ్ళు కావాలన్నారు. మామూలు గుళ్ళు కాదు. వేల ఏళ్ళ కిందట సముద్రంలో మునిగిపోయిన రాజ్యంలోని గుళ్ళట. అట్లాంటి రాజ్యమేదీ లేదు. కంపెనీలో బొమ్మలు గీసేవాళ్ళే కూర్చుని దానికి రాజుల్నీ, భాషనూ, దేవుణ్ణీ కల్పించారు. విరిగిన స్తంభాలు, సగం కూలిన శిఖరాలు, మర్రివేళ్ళు చీల్చిన గోడలు — అన్నీ ఫైబరే. అన్నీ ఆ షెడ్డులోనే పోశారు. పిల్లలు పడవలెక్కి వాటి మధ్య తిరగాలి.

పాత గోపురాన్ని కొత్తగా చెయ్యడమే తెలిసిన మనిషి, నిన్న పోసిన గోడకు వెయ్యేళ్ళ నాచు పట్టించాలి. నవ్వుకుంటూనే ఒప్పుకున్నాడు.

ఆ నవ్వు దేవుడి దగ్గర ఆగిపోయింది.

ఎనిమిదడుగుల విగ్రహం. మన దేవుళ్ళు ఎంత ఉగ్రంగా ఉన్నా ఒక చెయ్యి ఎత్తి భయపడొద్దంటారు. దీనికి ఆ చెయ్యి లేదు. రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. ఆ చేతుల్లో ఏముందని యతిరాజులు అడిగితే, "వెనక గోడే కదా, ఎవరు చూస్తారు?" అన్నారట కంపెనీవాళ్ళు.

యతిరాజులు ఇంట్లో ఒక కట్టుబాటుంది. ప్రతిష్ఠ లేని బొమ్మకు రెండు కళ్ళూ తెరవరు. ఒక కంటిలో నల్లచుక్క పెట్టి, రెండోది తెల్లగా వదిలేస్తారు. దీనికీ అట్లాగే వదిలాడు. కంపెనీ మేనేజరు ఒప్పుకోలేదు. పై వాళ్ళు చూడటానికి వస్తున్నారు, గుడ్డి దేవుణ్ణి చూపించలేను, పెట్టి తీరాలన్నాడు.

ఆ చుక్క పెట్టబోయిన రోజే యతిరాజులు కుడిచెయ్యి వణకడం మొదలైంది.

భార్య వరదలక్ష్మి అది ముందు చెవులతోనే పసిగట్టింది. పొద్దున కాఫీ ఇస్తే, దవరా గిన్నెలో గ్లాసు టకటకమని కొట్టుకుంటోంది. ఆ చెయ్యి లేకపోతే ఆ ఇల్లు లేదు.

తరవాత రెండు రాత్రులు ఆయన ఇంటికే రాలేదు.

మూడో రోజు సాయంత్రం ఆవిడ క్యారియరులో అన్నం సర్దుకుని, తొమ్మిదేళ్ళ కూతురు సహస్రను పక్కింటి మునియక్కకు అప్పగించింది.

"మొగుడు గుళ్ళోనే కాపురం పెట్టినాడా ఏంది?" అంది మునియక్క. "పోయి పిలుచుకోని రా పో. పాపను నేను పడుకోబెడతా. ఆయన రానంటే మాత్రం నువ్వుగూడా ఆడ్నే ఉండిపోబాకు."

రెండు బస్సులు మారి, వానలో తడిసి ఆవిడ చేరేసరికి ఎనిమిదిన్నర. షెడ్డు వాచ్‌మెన్ ఆనందన్ గేటు దగ్గర లేడు. రోడ్డుకు అవతల, మూసేసిన టీ బడ్డీ కింద గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

"లోపలే ఉండారమ్మా," అన్నాడు, లేవకుండానే. "నేను రాను. పిలిచి... వచ్చెయ్యండి."

తలుపు తోసింది. లోపల ఒక్క బల్బు. దాని కింద ఒక ఊరే కూలిపోయి ఉంది. ఫైబరని తెలుసు... అయినా కాలు చప్పుడు రానివ్వకుండా నడిచింది. స్తంభాల మధ్య సముద్రపు వాసన వచ్చింది — రంగుల వాసన అయ్యుంటుందిలే అనుకుంది.

"ఏమండీ..."

ఇంకో నాలుగడుగులు వేసింది.

ఎదురుగా గర్భగుడి. అందులో, ఒంటికంటితో... అది.

ఇప్పుడు ఆవిడ చేసిన పని మనలో ఎవరమైనా చేసేదే. గర్భగుడి కనబడింది. చేతులు వాటంతట అవే కలిశాయి. కళ్ళు మూసుకుంది. ఏ గుడిలో అర్చనకైనా చెప్పుకునే మాటలే నోట్లోంచి వచ్చేశాయి.

"విష్ణుగోత్రం. యతిరాజులు, ధనిష్ఠ నక్షత్రం. వరదలక్ష్మి, స్వాతి. సహస్ర, పుష్యమి... స్వామీ, మా ఆయన చేతికి ఆ వణుకు వద్దు. తీసెయ్యి."

కళ్ళు తెరిచింది.

కరెంటు పోయింది.

చీకటి. రేకుల మీద వాన. ఆవిడ క్యారియరును గుండెలకు హత్తుకుని నిలబడింది.

"వచ్చినావా..." అన్నాడు యతిరాజులు, మెల్లిగా. ఆయన గొంతే. విగ్రహం పక్కనించి.

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. "ఈడ్నే ఉండి పలకరేమి? రాండి, ఇంటికి పోదాం."

"ఒక్క చుక్క ఉండాది. పెట్టేసి పోదాం. నా చెయ్యి వణకతా ఉంది... నువ్వు పెట్టు."

"నేనా? ఆడోళ్ళు కుంచె ముట్టుకోకూడదని మీరే కదా అంటారు?"

"చీకట్లో ఎవరు చూస్తారు? పలక మీద కుంచె ఉంది. ఎక్కు."

తడుముకుంటూ పోయింది. విగ్రహం ముందు వెదురు సారవకు కట్టిన పలక చేతికి తగిలింది. దాని మీద కుంచె, పక్కనే రంగు చిప్ప. ఎక్కింది. మొహానికి జానెడు దూరంలో, చీకట్లో కూడా తెల్లగా — ఆ రెండో కన్ను.

కుంచె ఎత్తింది.

"పెట్టు," అంది గొంతు, చెవి పక్కనే. "పెట్టు... వరదలక్ష్మీ."

ఆవిడ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

పెళ్ళై పదమూడేళ్ళు. యతిరాజులు ఒక్కనాడూ భార్యను పేరు పెట్టి పిలవలేదు. "ఇదో" అంటాడు. కోపమొస్తే "ఏమే" అంటాడు. పురిటి రోజున ఆస్పత్రిలో నర్సు అడిగినా, పక్కనున్న మునియక్క చేత చెప్పించాడు.

ఇది ఆ పేరు ఎక్కడ విన్నదో... ఆవిడకు అప్పుడు అర్థమైంది.

"స్వాతి నక్షత్రం," అంది గొంతు, నెమ్మదిగా. "విష్ణుగోత్రం. పెట్టు..."

కుంచె జారిపోయింది. ఆవిడ పలక మీదినించి దూకిందో, పడిందో తెలీదు. మోకాళ్ళు దోక్కుపోయాయి. క్యారియరు దొర్లిపోయింది. అప్పుడే షెడ్డు వెనక వైపు తలుపు తెరుచుకుని వెలుగు పడింది.

"ఇదో, నువ్వెప్పుడొచ్చినావు?" పెట్రోమాక్సు దీపం పట్టుకుని యతిరాజులు నిలబడి ఉన్నాడు, నెత్తిన గోనెసంచి కప్పుకుని. "ఈడ దినామూ ఇదే టైముకు కరెంటు పోతాది. పక్క ఫ్యాక్టరీలో దీపం ఇప్పించుకోను పోయుంటిని. ఏమైంది? మొగమంతా అట్లుందే?"

ఆవిడ ముందు పైకి చూసింది. రెండో కన్ను తెల్లగానే ఉంది. పెట్టలేదు.

"పదండి," అంది. "ఈ పని మనకొద్దు. గంజి తాగి బతుకుదాం. ఇప్పుడే పదండి."

ఆయన ఆ తెల్ల కన్నునూ, తన చేతినీ మార్చి మార్చి చూసుకున్నాడు. తలుపుకు తాళం పెట్టి వెంట నడిచాడు. రెండు రాత్రులుగా ఆయనకేం వినబడుతోందో ఆవిడ అడగలేదు. ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. సహస్ర తమ ఇంట్లోనే, మునియక్క పక్కన ముడుచుకుని నిద్రపోతోంది. వరదలక్ష్మి పెరుమాళ్ళ పటం ముందు దీపం పెట్టి, అట్లాగే గోడకు చేరగిలబడి తెల్లవార్చింది.

పొద్దున కాఫీ ఇచ్చింది. గ్లాసు కొట్టుకోలేదు.

ఆయన చెయ్యి చాపి, తిప్పి చూసుకున్నాడు. రాయిలా నిలబడి ఉంది. "ఆ పని మానిండేది మంచిదైంది చూడు," అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆవిడా నవ్వింది. మూడు రోజుల తరవాత ఆ ఇంట్లో నవ్వు. తాళంచెవి ఇచ్చేసి, కుంచెలు తెచ్చుకుంటానని ఆయన అంబత్తూరు పోయాడు.

మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. కుంచెలు తేలేదు. చెప్పులు విప్పకుండానే గడపలో కూలబడ్డాడు.

"రెండో కంట్లో చుక్క ఉంది," అన్నాడు.

"నేను పెట్టలేదు. ఒట్టు."

"నువ్వు కాదులే." ఆయన గొంతు తగ్గించాడు. "అది రంగు కాదు... కాటుక. కుంచెతో పెట్టింది కూడా కాదు. వేలిముద్ర. ఇంత... చిన్నది."

వరదలక్ష్మి మెల్లిగా వంటింటి వైపు తిరిగింది.

సహస్ర బడి నుంచి అన్నానికి వచ్చి, వాకిలి వైపు వీపు పెట్టుకుని పీట మీద కూర్చుంది. ముందు అన్నం పళ్ళెం, మజ్జిగ గ్లాసు. గూట్లో ఉండాల్సిన కాటుక భరిణె మూత తీసి, నేల మీద పడి ఉంది.

"అమ్మీ... కాటుక ఎవరు తీసినారు?"

"నేనే," అంది సహస్ర. "రాత్రి నువ్వు లేనప్పుడు నాయన లేపి పెట్టమన్నాడు కదా. పేరు, నచ్చత్రం, గోత్రం అన్నీ చెప్పి పిలిచినాడే. చీకట్లో తెల్లగా ఏదో ఉండె. దాంట్లో పెట్టినా." కుడిచేతి వేలు చూపించింది. కొనంతా నలుపు. "ఎంత కడిగినా పోలే."

తరవాత ఆ పిల్ల మజ్జిగ తాగుదామని ఆ చేత్తోనే గ్లాసు అందుకుంది.

పళ్ళెం అంచుకు గ్లాసు తగిలి — టక... టకటక... టకటకటక...